చెర్రీ వేసిన స్ట్రాంగ్ స్టౌట్ ఇంట్లో చేసుకోవాలంటే

పండు వేసిన బీర్ అనగానే తియ్యగా ఉంటుందని అనుకుంటారు చాలామంది. ఉండదు. పండులో ఉన్న చక్కెరను ఈస్ట్ దాదాపు మొత్తం తినేస్తుంది, చివరికి మిగిలేది వాసన, రంగు, పులుపు, తొక్కలో ఉండే కాస్త వగరు, అంతే. ఈ ఒక్క విషయం ముందే బుర్రలో పెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ దాన్నిబట్టే వేసుకోవచ్చు.

స్టౌట్ అంటే నల్ల బీర్. అందులో అసలే రెండు రకాల చేదు ఉంటుంది. మాడేదాకా వేయించిన మాల్ట్‌ది (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ఒకటి, హాప్స్‌ది (బీర్‌లో చేదు కోసం వేసే పువ్వులు) ఇంకొకటి. మామూలు ఇంపీరియల్ స్టౌట్ (బాగా స్ట్రాంగ్‌గా చేసే స్టౌట్) రెసిపీని ఉన్నదున్నట్టు తీసుకుని చివర్లో రెండు కిలోల పుల్ల చెర్రీలు గుమ్మరిస్తే, ఈ రెండు చేదుల మీదికి పులుపు కూడా వచ్చి చేరుతుంది, తాగుతుంటే గొంతు గీరుకుపోతుంది. అప్పుడు నెపం పండు మీదికి పోతుంది గానీ పండు చేసిన తప్పేం లేదు. పండు వేద్దామని ముందే అనుకున్నప్పుడు వేయించిన మాల్ట్ తగ్గించాలి, హాప్స్ తగ్గించాలి, ఈస్ట్ తినలేని తీపి కొంచెం మిగిలేట్టు చూసుకోవాలి. కింద ఇస్తున్న కొలతలు అలా వేసినవే.

ఇంట్లో బీర్ చేసుకోవడానికి అన్నిచోట్లా చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నచోట కూడా సొంతానికి మాత్రమే, ఇంత పరిమాణమే అని నియమాలుంటాయి. మీ దగ్గర ఏముందో చూసుకుని దిగండి.

ఇది 10 లీటర్లకి. మొదటిసారే 20 లీటర్లు చేయకండి, ఇంత స్ట్రాంగ్ బీర్ అంత ఎవరు తాగుతారు? లైట్ డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ సారాన్ని ఎండబెట్టిన పొడి) 2 కిలోలు, డార్క్ బ్రౌన్ షుగర్ 200 గ్రాములు, క్రిస్టల్ మాల్ట్ 300 గ్రాములు, చాక్లెట్ మాల్ట్ (చాక్లెట్ రంగు వచ్చేదాకా వేయించినది, చాక్లెట్ ఉండదు) 200 గ్రాములు, రోస్టెడ్ బార్లీ 150 గ్రాములు. పొట్టు తీసి వేయించిన నల్ల మాల్ట్ దొరికితే రోస్టెడ్ బార్లీ బదులు అదే వాడండి, నలుపు అంతే వస్తుంది, కరకు తగ్గుతుంది. హాప్స్‌కి మ్యాగ్నమ్ లాంటి చేదు రకం, చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు 12 శాతం ఉన్నది, 25 గ్రాములు చాలు. వాసన కోసం వేసే హాప్స్ ఇందులో అక్కర్లేదు, ఆ వాసన చెర్రీతో పోట్లాడుతుంది. ఈస్ట్ సేఫేల్ యూఎస్-05 లాంటి డ్రై ఏల్ ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్లు రెండు. మామూలు బీర్‌కి ఒకటి సరిపోతుంది, ఇక్కడ చక్కెర ఎక్కువ కాబట్టి పిసినారితనం వద్దు. గింజ తీసిన పుల్ల చెర్రీలు 2 కిలోలు, రాస్ప్‌బెర్రీ అయితే 1.25 కిలోలు, ఎందుకంటే దాని వాసన, పులుపు రెండూ ఘాటు. ఇష్టమైతే లాక్టోస్ 250 గ్రాములు. ఇది పాల చక్కెర, బీర్ ఈస్ట్‌కి అరగదు, అందుకే తీపి అలాగే నిలుస్తుంది. పాలు పడనివాళ్లు తాగేట్టుంటే మాత్రం వేయొద్దు, వేస్తే ముందే చెప్పండి.

సామాన్లలో 18 నుంచి 20 లీటర్ల గిన్నె, 15 లీటర్ల ఫెర్మెంటర్ (పులియబెట్టే పాత్ర), ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి పంపి గాలిని లోపలికి రానివ్వనిది), హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రతనిబట్టి చక్కెర ఎంతుందో చూపించేది), థర్మామీటర్, సైఫన్ గొట్టం, గింజలకీ పండ్లకీ వలసంచులు, సీసాలు, మూతలు. వీటన్నిటికంటే ముఖ్యం శానిటైజర్. స్టార్ శాన్ లాంటి కడగక్కర్లేని ఆమ్ల శానిటైజర్ అయితే సుఖం, దాని నురగ గిన్నెలో కాస్త మిగిలినా బీర్‌కి ఏమీ కాదు. మరిగించడం అయిపోయాక బీర్‌కి తగిలే ప్రతి వస్తువూ, చెంచాతో సహా, అందులో మునిగి రావాల్సిందే.

ముందురోజు రాత్రి పని ఒకటుంది. చాక్లెట్ మాల్ట్, రోస్టెడ్ బార్లీ ఈ రెండూ నలగ్గొట్టి లీటరున్నర చల్లటి నీళ్లలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున్నకి కాఫీ డికాషన్ లాంటి నల్లటి నీళ్లు దిగుతాయి. వేడి నీళ్లలో వేస్తే వేయించిన మాల్ట్ నుంచి రంగుతోపాటు కరకు చేదు కూడా ఎక్కువ దిగుతుంది, చల్లటి నీళ్లలో ఆ చేదు చాలావరకు గింజలోనే ఉండిపోతుంది, పండుకి చోటు దొరుకుతుంది. వడకట్టేటప్పుడు పిండకండి.

మర్నాడు గిన్నెలో పదిన్నర లీటర్ల నీళ్లు పెట్టండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ముందే తీసేయాలి, కాంప్‌డెన్ మాత్ర (క్లోరిన్‌ని విరిచే సల్ఫైట్ మాత్ర) చిన్న ముక్క చాలు, లేకపోతే చివరికి బీర్‌కి మందులషాపు వాసన వస్తుంది, ఆ వాసన ఇక పోదు. నీళ్లు 65 నుంచి 70 డిగ్రీలకి రాగానే నలగ్గొట్టిన క్రిస్టల్ మాల్ట్‌ని వలసంచిలో వేసి అరగంట ఉంచి తీసేయండి. తర్వాత మంట ఆపండి, ఆపాకే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. మంట మీద వేస్తే అడుగంటుతుంది, మాడిన చక్కెర వాసన బీర్ మొత్తానికి పడుతుంది. ఉండలు కడితే కంగారు లేదు, మరుగుతుంటే కరిగిపోతాయి.

మళ్లీ మంట పెట్టి మరగనివ్వండి. మరుగు మొదలయ్యే ఆ రెండు నిమిషాలు గిన్నె దగ్గరనుంచి కదలొద్దు, ఫోన్ వచ్చినా సరే, ఎందుకంటే నురగ ఒక్కసారిగా లేచి స్టవ్ మొత్తం జిగురు చేస్తుంది. నురగ దిగాక హాప్స్ వేసి గంట మరిగించండి. ఆఖరి పది నిమిషాల్లో రాత్రి నానబెట్టిన నల్లనీళ్లు, బ్రౌన్ షుగర్, లాక్టోస్ వేసేయండి. చల్లటి నీళ్లలో నానినవి కాబట్టి ఆ నల్లనీళ్లను తప్పకుండా మరిగించాలి, గింజల మీద సూక్ష్మజీవులు బోలెడుంటాయి.

గిన్నెని ఐసునీళ్ల తొట్టిలో దించి వీలైనంత త్వరగా 18 డిగ్రీలకి తెచ్చి ఫెర్మెంటర్‌లోకి వంపండి. పది లీటర్లకి తగ్గితే మరిగించి చల్లార్చిన నీళ్లు కలపండి. హైడ్రోమీటర్‌లో 1.090 దగ్గర చూపించాలి, లాక్టోస్ వేస్తే 1.100 దాకా పోతుంది. రెండు మూడు పాయింట్లు (1.090 బదులు 1.088, 1.092 లాగా) అటూఇటూ అయితే వదిలేయండి. తర్వాత ఫెర్మెంటర్ మూతపెట్టి రెండు మూడు నిమిషాలు గట్టిగా ఊపండి. ఇంత చక్కెరలో ఈస్ట్ ఎదగాలంటే ఆక్సిజన్ కావాలి. బీర్‌కి గాలి తగలనిచ్చేది ఈ ఒక్కసారే, ఇక మీదట గాలి శత్రువే. ఈస్ట్ పైన చల్లి మూసేయండి.

మొదటి మూడు నాలుగు రోజులూ 18 నుంచి 20 డిగ్రీలు దాటకుండా చూడటమే అసలు పని. పులుస్తున్నప్పుడు దానికదే వేడెక్కుతుంది, గది కంటే లోపల మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. 24, 25 దాటితే ఘాటైన ఆల్కహాల్స్ తయారవుతాయి, ముక్కుకి థిన్నర్‌లా కొడుతుంది, దాన్ని ఏ చెర్రీ కప్పలేదు. ఫెర్మెంటర్‌ని నీళ్ల తొట్టిలో పెట్టి గడ్డకట్టిన నీళ్ల సీసాలు పూటకొకటి మారుస్తుంటే సరిపోతుంది. నురగ ఎయిర్‌లాక్‌లోకి ఎక్కేస్తే దాన్ని తీసి లావు గొట్టం పెట్టి రెండో కొస శానిటైజర్ నీళ్లలో ముంచండి.

రెండు వారాలయ్యాక రీడింగ్ చూడండి. 1.024 చుట్టుపక్కల ఉండి మూడు రోజుల తేడాలో మారకపోతే మొదటి దశ అయిపోయినట్టే. లాక్టోస్ వేసినవాళ్లకి 1.034 దగ్గర ఆగుతుంది, ఆగిపోయిందని టెన్షన్ పడి ఇంకో ఈస్ట్ ప్యాకెట్ వేయకండి. ఆల్కహాల్ లెక్క తేలికే: మొదటి రీడింగ్‌లోంచి చివరిది తీసేసి 131తో గుణిస్తే, 0.066 ఇంటూ 131, సుమారు 8.6 శాతం.

ఇప్పుడు పండు. మొదట్లోనే ఎందుకు వేయకూడదంటే, తొలి రోజుల్లో గ్యాస్ ఉధృతంగా బయటికి పోతూ పండు వాసనను కూడా ఎత్తుకుపోతుంది. మరిగేటప్పుడు వేయడం ఇంకా దండగ. ఇప్పుడైతే బీర్‌లో ఎనిమిది శాతం పైన ఆల్కహాల్ ఉంది, పండు మీద ఉండే సూక్ష్మజీవుల్లో చాలావాటికి అది గిట్టదు, ఈస్ట్ కూడా కాస్త నెమ్మదిగానే పనిచేస్తుంది.

తాజా పండ్ల కంటే ఫ్రీజర్‌లో పెట్టినవే నయం అంటాను. గడ్డకట్టినప్పుడు లోపలి మంచు పలుకులు పండు కణాల గోడల్ని చీల్చేస్తాయి, కరిగాక రసం దానంతటదే వదిలేస్తుంది. తాజావి దొరికినా శుభ్రం చేసి రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీయండి. గడ్డకడితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయనుకోవద్దు, నిద్రపోతాయంతే. ధైర్యం చాలకపోతే పండ్లను 70 నుంచి 75 డిగ్రీల మధ్య పది నిమిషాలు వేడిచేసి చల్లార్చండి. మరిగిస్తే మాత్రం జామ్ రుచి వస్తుంది, పండులోని జిగురు పదార్థం పెక్టిన్ దిగి బీర్ మబ్బుగా ఉంటుంది. అయినా నల్ల బీర్‌లో మబ్బు ఎవరికి కనపడుతుంది లెండి. డబ్బా పండ్లు, రసం వాడితే మాత్రం లేబుల్ చదవండి. పాడవకుండా వేసే సోర్బేట్, బెంజోయేట్ ఉంటే ఈస్ట్ మొరాయిస్తుంది. కృత్రిమ ఫ్లేవర్లు నేను వాడను, దగ్గుమందు గుర్తొస్తుంది. గింజలు తీయకుండా వేసేవాళ్లు కూడా ఉన్నారు, బాదం లాంటి వాసన కోసం. గింజ పగిలితే సయనైడ్ వదిలే పదార్థం బయటపడుతుంది కాబట్టి తీసేయడమే మేలు.

ఎంత వేయాలో అనుమానంగా ఉంటే మొత్తం మీద ప్రయోగం వద్దు. వంద మిల్లీలీటర్ల చొప్పున బీర్ మూడు గ్లాసుల్లో పోసి, పండు గుజ్జు 10, 15, 20 గ్రాములు కలిపి రుచి చూడండి. ఇప్పుడు నాలుక్కి తగిలే తీపి రేపు ఉండదని గుర్తుంచుకుని పులుపు ఎంతుందో మాత్రం గమనించండి.

పండ్లను వలసంచిలో వేసి అదే ఫెర్మెంటర్‌లో మెల్లగా దించేయొచ్చు. వేరే పాత్రలోకి మార్చాలనుకుంటే పండ్లు ముందు వేసి, సైఫన్ గొట్టం అడుగుదాకా దించి, చప్పుడు కాకుండా బీర్ నింపండి. ఒకటి రెండు రోజుల్లో మళ్లీ బుడగలు మొదలవుతాయి, ఈసారి పండ్లు పైకి తేలి ఎయిర్‌లాక్‌కి అడ్డం పడకుండా ఖాళీ ఉంచుకోవాలి. చెర్రీకి మూడు నాలుగు వారాలు, రాస్ప్‌బెర్రీకి రెండు వారాలు. అంతకుమించి ఉంచితే వగరు పెరుగుతుంది. చాలామంది పండు వేస్తే ఆల్కహాల్ పెరుగుతుందంటారు గానీ పండులో ముప్పాతిక పైన నీళ్లే, ఇంత స్ట్రాంగ్ బీర్‌లో అది ఒక పిసరు తగ్గుతుంది.

సీసాల్లో పోసేముందు రీడింగ్ వారం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ ఒకటే అయితేనే ముందుకి వెళ్లండి. ఇక్కడ తొందరపడితే పండు చక్కెర సీసాలో పులిసి సీసా పేలుతుంది, గాజు ముక్కలు గదంతా ఎగురుతాయి. రీడింగ్ సరిపోయాక రెండు రోజులు ఫ్రిజ్‌లో చల్లబరిస్తే మడ్డి అడుక్కి దిగుతుంది. తర్వాత పైబీర్ తీసి, లీటరుకి 5 గ్రాముల చక్కెర కాసిని నీళ్లలో మరిగించి చల్లార్చి కలపండి. ఈస్ట్ అప్పటికే అలసిపోయి ఉంటుంది కాబట్టి రెండు గ్రాముల కొత్త ఈస్ట్ కూడా వేస్తే గ్యాస్ నమ్మకంగా పడుతుంది. మందంగా ఉండే బీర్ సీసాలే వాడండి, వైన్ సీసాలు ఒత్తిడికి ఆగవు.

20 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు ఉంచి, ఒకటి తెరిచి చూడండి. కుర్రబీర్‌లో పులుపు ముందు కొడుతుంది, రెండు మూడు నెలలకి మాల్ట్, చెర్రీ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. వట్టి ఇంపీరియల్ స్టౌట్‌ని ఏళ్లతరబడి దాచినట్టు దీన్ని దాచకండి, బీర్ బాగానే ఉంటుంది కానీ తాజా పండు వాసన ముందు పోతుంది. ఏడాదిలోపు తాగేయడం మంచిది. 12 డిగ్రీల దగ్గర, చిన్న గ్లాసులో, అడుగున మడ్డి సీసాలోనే వదిలేసి. ఏ సీసా అయినా మూత తీయగానే నురగ ఆగకుండా పొంగుకొస్తే మిగతావన్నీ అప్పటికప్పుడే ఫ్రిజ్‌లోకి మార్చేయండి, పట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి, బాగా చల్లబడ్డాక సింకులో ఒక్కొక్క మూతా కొంచెం వదులు చేసి గ్యాస్ పోనిచ్చి మళ్లీ బిగించండి.