వరి కొయ్యకాళ్లు నాటుకు ముందే మురగాలంటే

ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండితే గడ్డి కూడా దాదాపు అంతే ఉంటుంది. కాలబెడితే అందులోని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. మట్టిలో కలిస్తే టన్నుకు 5 నుంచి 8 కిలోల నత్రజని, సుమారు 15 కిలోల పొటాష్ నేలకే దక్కుతాయి.

అయితే వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి 60 నుంచి 80 పాళ్ల కర్బనం ఉంటుంది. దాన్ని మురగబెట్టే సూక్ష్మజీవులు తమకు తక్కువపడిన నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటాయి. గడ్డి కలిపి రెండు మూడు రోజుల్లోనే దమ్ము చేసి నాటిన మడిలో పైరు పాలిపోయి, పిలకలు వేయక నిలబడిపోయేది ఇందుకే. వానాకాలం కోతకీ యాసంగి నాటుకీ మధ్య నెల రోజులు దొరికితే ఆ నత్రజని కరువు పైరు దాకా రాదు.

కోసిన వారంలోపే, నేలలో పదును ఉండగానే పని మొదలుపెట్టాలి. హార్వెస్టర్ వెనక వరుసగా పడిన గడ్డిని ముందు మడంతా పలచగా పరచాలి. కుప్పగా కలిస్తే అక్కడ గాలి ఆడదు, గడ్డి పచ్చిగానే మిగులుతుంది. ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 20 కిలోల యూరియా చల్లి, రోటావేటర్‌తో నాలుగంగుళాల లోతులో కలియదున్నాలి. ఈ ఎరువును పంట మోతాదులోంచి తగ్గించుకోవాలి, అదనంగా వేయకూడదు. గడ్డిని ఇంకా లోతుకు తొక్కితే గాలి అందక మురుగుడు మందగిస్తుంది. పాముపొడ, కాండం కుళ్లు తెగుళ్లు బాగా సోకిన మడి గడ్డిని మాత్రం కలపకుండా బయటికి తీసేయడమే మంచిది.

తర్వాత నీళ్లు నిలబెట్టొద్దు. చాలామంది తప్పేది ఇక్కడే. పిడికిట పట్టిన మట్టి ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. అంత తేమ చాలు. తేలిగ్గా కరిగే చక్కెరలు మొదటి రెండు వారాల్లో పోతాయి, తర్వాత పీచు మెత్తబడుతుంది, గడ్డికి గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం మాత్రం నెలల తరబడి ఉంటుంది. నాటుకు సరిపడా మురగడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, డిసెంబరు చలికి మరో వారం కలుపుకోవాలి. గడ్డిపోచను తీసి మెలిపెడితే పుటుక్కున తెగాలి. తాడులా సాగితే దమ్ము ఆపండి.

తొందరపడి నాటేశారా? మడిలో కాలు పెడితే బుడగలు లేచి, కుళ్లిన గుడ్ల వాసన వస్తే వేర్లు పీకి చూడండి. నల్లబడి ఉంటే వెంటనే నీరు తీసేసి, సన్నని నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టాలి. దెబ్బతిన్న వేరు ఎరువును తీసుకోలేదు కాబట్టి యూరియా అప్పుడే చల్లొద్దు. తెల్లటి కొత్త వేర్లు కనిపించాకే పలచగా నీరు పెట్టి వేయాలి. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కూడా ఉంటే అది జింకు లోపం, లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేయాలి.