హైదరాబాదు నుంచి నాగోబా జాతరకు అతిథిగా వెళ్లడం ఎలా

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో గోండుల సర్పదేవత నాగోబాకు మహాపూజ ఏటా పుష్య అమావాస్య రాత్రి జరుగుతుంది కనుక, సెలవు పెట్టే ముందు పంచాంగం చూసుకోవాలి. 44వ జాతీయ రహదారి మీద నిర్మల్ దాటి గుడిహత్నూర్ చేరి, అక్కడ ఇంద్రవెల్లి దారి పట్టాలి. మొత్తం ప్రయాణం దాదాపు 300 కిలోమీటర్లు. రాత్రి పూజ కాబట్టి ఉన్ని దుస్తులు మరవకూడదు. అక్కడి చలి మన నగరపు చలి వంటిది కాదు.

బయలుదేరే ముందు ఒక పూట మాసబ్ ట్యాంకులోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియానికి కేటాయించడం మంచిది. గోండుల సమాజం నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా, అంటే గోత్రాల వంటి వంశ సమూహాలుగా ఉంటుందనీ, ఒకే సగవారు అన్నదమ్ముల వరస కనుక వారి మధ్య పెళ్లి కుదరదనీ ముందే తెలిస్తే, జాతరలో ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో అర్థమవుతుంది.

ఈ జాతర నిర్వహణ గోండుల్లోని మెస్రం వంశీయులది. పూజకు ముందే వారు జన్నారం వైపున్న హస్తిన మడుగుకు కాలినడకన వెళ్లి, గోదావరి జలాన్ని తెచ్చి, ఆలయం దగ్గరి మర్రిచెట్ల కింద బస చేస్తారు. ఆ బసలోకి పిలవకుండా వెళ్లరాదు. 'రామ్ రామ్' అని పలకరించి, పెద్దల అనుమతి అడిగి, వారు చూపిన చోట కూర్చోవాలి. అమావాస్య రాత్రి జరిగే భేటింగ్‌లో వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లు తెల్లచీరలు కట్టి నాగోబాకు పరిచయమవుతారు. ఆ తరువాతే వారికి వంశపు పూజల్లో పాలుపంచుకునే అర్హత కలుగుతుంది. ఈ ఘట్టంలో ఫోను జేబులోనే ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ముసుగు వేసుకున్న కోడలి ముఖానికి ఫ్లాష్ కొట్టేవాణ్ని ఏ ఇంటివారూ అతిథి అనుకోరు.

నెమలిఈకల టోపీలతో ఆడే గుస్సాడీ నృత్యం కోసమే వెళ్లదలచినవారు దీపావళి నాటి గోండుల దండారి పండుగకు వెళ్లడం సబబు, ఎందుకంటే ఆ దీక్ష, ఆ ఆట ఆ పండుగకు చెందినవి. దీక్షలో ఉన్న గుస్సాడీలు పండుగ ముగిసేదాకా స్నానం చేయరు.

జాతర రోజుల్లోనే దర్బారు కూడా జరుగుతుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల పరిశీలనకు పంపిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో మొదలైన ఈ దర్బారులో అధికారులు అర్జీలు తీసుకుంటారు. వెనుక వరుసలో కూర్చుని, భూమి, నీళ్లు, రోడ్ల గురించిన మాటలు వినాలి. గోండుల నేటి జీవితం పూజ కంటే ఇక్కడే ఎక్కువగా తెలుస్తుంది.

ఒక రోజు మిగిలితే ఉట్నూరు మీదుగా జైనూర్ మండలంలోని మార్లవాయికి వెళ్లవచ్చు. హైమెండార్ఫ్ నివసించిన ఊరూ, ఆయన భార్య బెట్టీ సమాధి ఉన్న ఊరూ, 2021లో పద్మశ్రీకి ఎంపికైన గుస్సాడీ కళాకారుడు కనకరాజు స్వగ్రామమూ అదే.