ట్యాంకర్ నీళ్ల లెక్క అడగాలంటే: సమాచార హక్కు దరఖాస్తు విధానం

ఎండాకాలం వస్తే కనిగిరి చుట్టుపక్కల చాలా ఊళ్లలో బిందెలు ట్యాంకర్ కోసం వరస కడతాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తాగలేం. రోజుకు నాలుగు ట్రిప్పులని కాగితం మీద ఉండి, ఊళ్లోకి రెండే వస్తే? సర్పంచి గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) వాళ్లను అడగమంటారు, వాళ్లేమో బిల్లులు పైకి వెళ్లాయంటారు. అప్పుడు పనికొచ్చేది 2005 నాటి సమాచార హక్కు చట్టం.

సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ వేరు, ఇది వేరు. ప్రత్యేక ఫారం వెతకనక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. ‘పౌర సమాచార అధికారి గారికి’ అని మొదలుపెట్టి, ‘సెక్షన్ 6(1) ప్రకారం’ అన్న మాట పైనే రాయండి. లేదంటే మామూలు అర్జీల కట్టలో కలిసిపోతుంది. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పనిలేదు.

అసలు కిటుకంతా ప్రశ్న రాయడంలోనే ఉంది. నా మొదటి దరఖాస్తులో ‘మా వీధికి ట్యాంకర్ ఎందుకు రావడం లేదు?’ అని కోపంగా రాశాను. నెల తర్వాత ఒక్క ముక్కలో జవాబొచ్చింది: మీరు అడిగినది సమాచారం కిందకు రాదు. తిట్టుకున్నాను గానీ, తప్పు నాదే. ఈ చట్టం ఆఫీసులో ఉన్న కాగితాన్ని ఇప్పిస్తుంది, సంజాయిషీని కాదు. కాబట్టి కాగితం పేరు పెట్టి అడగాలి. ‘ఏప్రిల్ 1 నుంచి మే 31 వరకు మా గ్రామానికి ట్యాంకర్ ట్రిప్పులు నమోదు చేసిన రిజిస్టరు, ట్రిప్పు అందినట్టు సంతకాలున్న పేజీలు, చెల్లించిన బిల్లులు: వీటి నకళ్లు ఇవ్వగలరు.’ ఇలా రాస్తే తప్పించుకోవడం కష్టం. నకళ్లు కాకుండా రికార్డే చూస్తామన్నా చూపించాలి, మొదటి గంటకు ఫీజు లేదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తు ఫీజు గ్రామ స్థాయి ఆఫీసులో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆ రుజువు జిరాక్సు జతచేస్తే అదీ కట్టక్కర్లేదు. మామూలు సైజు నకలు పేజీకి 2 రూపాయలు. చేతికిస్తే రసీదు లేకుండా కదలొద్దు, పోస్టులో పంపితే ఆ రసీదు దాచుకోండి.

దరఖాస్తు పొరపాటున వేరే ఆఫీసుకు ఇస్తే, 5 రోజుల్లో సరైన చోటికి వాళ్లే పంపాలి. జవాబుకు గడువు 30 రోజులు. అది దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాల్సిందే. గడువు దాటినా, జవాబు తృప్తిగా లేకపోయినా 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 వరకు జరిమానా వేయొచ్చు.

నకళ్లు వచ్చాక బీరువాలో పెట్టేయకండి. ఏ రోజు ఎన్ని ట్రిప్పులు రాశారో బిందెలు పట్టే ఆడవాళ్లకు చదివి వినిపించండి, వాళ్లకు తెలియని రోజుండదు. తేడా కనిపిస్తే గ్రామసభలో సర్పంచి ముందు ఆ పేజీ చదివి, మినిట్స్‌లో (సభలో జరిగింది రాసే పుస్తకంలో) రాయించమనండి. రాశారో లేదో అనుమానమైతే ఆ మినిట్స్ నకలు కోసం పంచాయతీకి ఇంకో దరఖాస్తు పెట్టండి. దానికెలాగూ ఫీజు లేదు.