కరవాంగ్ పల్లెలో కార్మికుల అద్దె గదులు కట్టడం ఎలా?

జకార్తా నుంచి తూర్పుగా చికాంపెక్ టోల్ రోడ్డు పట్టుకుని వెళ్తే బెకాసి, చికరాంగ్, ఆ తర్వాత కరవాంగ్. జతిలుహూర్ ఆనకట్ట నీళ్లతో వరి పండే నేల ఇది. ఇప్పుడు చాలాచోట్ల పొలం గట్టుకి అవతల కార్ల కర్మాగారం గోడ కనిపిస్తుంది. ఆ గోడకీ పొలానికీ నడుమ ఉన్న ఊళ్లలో ‘కొంత్రకాన్’కి గిరాకీ ఉంది. అంటే వరసగా కట్టి కార్మికులకు నెలవారీ అద్దెకిచ్చే చిన్న ఇళ్లు. పుర్వకర్త, చికరాంగ్ వైపు ఉద్యోగం చేసే మనవాళ్లకీ, అక్కడి అమ్మాయిని చేసుకుని స్థిరపడినవాళ్లకీ ఈ ఆలోచన రావడం సహజమే. తప్పల్లా ముందు మేస్త్రీని మాట్లాడుకుని, కాగితాలు తర్వాత చూసుకుందామనుకోవడం.

ముందు, మీ పేరు మీద ఏమి కుదురుతుందో చూసుకోండి

1960 నాటి భూచట్టం ప్రకారం ‘హాక్ మిలిక్’, అంటే పూర్తి యాజమాన్య హక్కు, ఇండోనేషియా పౌరులకే. విదేశీయుడికి రెండు దారులున్నాయి. తాను ఉండే ఇంటికైతే ‘హాక్ పకాయ్’, అంటే వాడుకునే హక్కు: మొదట 30 ఏళ్లు, పొడిగింపు 20, పునరుద్ధరణ 30. గదులు కట్టాలంటే భూమిని దీర్ఘకాలిక లీజుకి తీసుకోవాలి. విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టొచ్చు కదా అంటారు. దానికి భూమి, భవనం కాకుండానే 1000 కోట్ల రూపియా దాటిన పెట్టుబడి చూపాలి. ఆరు గదుల కోసం ఎవరూ ఆ పని చేయరు.

భార్యో భర్తో ఇండోనేషియన్ అయితే వాళ్ల పేరున కొనొచ్చు. కానీ ఆస్తులు వేరువేరని నోటరీ ఒప్పందం ఉండాలి. లేకపోతే కొన్నది ఉమ్మడి ఆస్తి అవుతుంది, అందులో విదేశీయుడి వాటా ఉన్నందుకు ఆ హక్కు నిలవదు. పెళ్లికి ముందు రాయించుకోలేదని దిగులు పడక్కర్లేదు, రాజ్యాంగ న్యాయస్థానం 69/2015 తీర్పు తర్వాత పెళ్లయ్యాక కూడా రాయించుకోవచ్చు. భూమి కొన్నాక కాదు, కొనకముందే రాయించండి.

ఇక బినామీ. డ్రైవరు పేరునో, ఇంటి ఓనరు తమ్ముడి పేరునో కొని, వెనకాల అప్పు పత్రం రాయించుకుంటే చాలని చెప్పే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. 1960 భూచట్టంలోని 26వ అధికరణ రెండో క్లాజు ప్రకారం ఆ కొనుగోలు చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు వెనక్కి అడిగే హక్కు కూడా ఉండదు. డబ్బు ఎవరిదైనా సరే, సర్టిఫికెట్ మీద పేరున్నవాడే యజమాని అని సుప్రీం కోర్టు 2020 నాటి సర్క్యులర్‌లో రాసింది. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా జనం ఎందుకు చేస్తారో అర్థం కాదు.

అసలు కష్టం: కాగితం

ఈ మెట్టు దగ్గర తొందరపడితే మిగతా మెట్లన్నీ దండగ. ‘బియోంగ్’ అనే భూమి బ్రోకరు మీకు చూపించే కాగితాల్లో నాలుగు రకాలుంటాయి.

హాక్ మిలిక్ సర్టిఫికెట్ ఉంటే మాట్లాడండి. ‘గిరిక్’, ‘లెటర్ సీ’ అంటే పాత పన్ను లెక్కల కాగితాలు, గ్రామ పుస్తకంలో నమోదు. వీటిని రిజిస్టరు చేయించుకోవడానికి 2021లో ఇచ్చిన ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరి 2తో సరి. ఆపైన అవి యాజమాన్యానికి రుజువు కావు, సర్టిఫికెట్ చేయించేటప్పుడు ఆధారంగా చూపడానికే పనికొస్తాయి. మూడోది పన్ను రసీదు. మన దగ్గర ఇంటిపన్ను రసీదు చూపించి ఇల్లు నాదే అన్నట్టు. నాలుగోది ఉత్త ‘క్విటాన్సి’, స్టాంపు అంటించిన చేతిరసీదు. మీకు కావలసింది మొదటిదే. అమ్మేవాడి దగ్గర గిరిక్ మాత్రమే ఉంటే, ముందు అతని పేరునే సర్టిఫికెట్ చేయించమనండి. ఆరు నెలలో ఏడాదో పట్టనివ్వండి. ఆగలేనంటే వేరే భూమి చూసుకోండి.

సర్టిఫికెట్ చేతికొచ్చినా పని అయిపోదు. దస్తావేజు రాసే అధికారిని అక్కడ పీపీఏటీ అంటారు. భూమి కార్యాలయంలో ఆయన ద్వారా అధికారిక తనిఖీ చేయించండి. బ్యాంకు తాకట్టు, కోర్టు నిలుపుదల ఉంటే అక్కడ బయటపడతాయి, మన ఈసీ తీసినట్టే. ‘సెంతు తనహ్‌కు’ అనే ప్రభుత్వ యాప్‌లో చూసి సరే అనుకోకండి. అది మీ కుతూహలానికి మాత్రమే.

ఇక్కడే చాలామంది వదిలేసే పని ఒకటుంది. పాత సర్టిఫికెట్లు కొన్ని డిజిటల్ పటంలో ఇంకా ఎక్కలేదు. కాగితం అసలుదే, ముద్ర అసలుదే, కానీ ఆ భూమి పటంలో ఎక్కడుందో లేదు. అదే జాగా మీద ఇంకొకరి సర్టిఫికెట్ ఉంటే, రెండూ కోర్టుకి చేరాకే తెలుస్తుంది. కాబట్టి డబ్బు కట్టకముందే మళ్లీ కొలత వేయించి పటంలో ఎక్కించండి. కొలిచే రోజు నాలుగు వైపులా పొరుగువాళ్లు అక్కడ ఉండాలి, వాళ్ల కళ్లముందే ‘పాతొక్’ హద్దురాళ్లు పాతాలి, వాళ్లే సంతకం పెట్టాలి. ఒక పొరుగు రాకపోతే ఆ రోజు వాయిదా వేయండి. ఊళ్లోవాళ్లు విస్తీర్ణం ‘తుంబాక్’లలో చెబుతారు. ఒక తుంబాక్ దాదాపు 14 చదరపు మీటర్లు. నోటి మాటలో పదిహేను తుంబాక్‌లు టేపు పెట్టేసరికి పదమూడు కావడం మామూలే.

సంతకాల సంగతి కూడా చూడండి. అమ్మేది తాతగారి భూమి అయితే వారసులందరూ సంతకం పెట్టాలి. సుమత్రాలో పనిచేసే చెల్లెలు ‘ఒప్పుకుంది’ అంటే కుదరదు. పెళ్లయినవాడు అమ్మితే భార్య సంతకం కూడా ఉండాలి. గ్రామానికి చెందిన ‘తనహ్ చరిక్’ మన అసైన్డ్ భూమి లాంటిది, దాని జోలికి పోవద్దు. కాలువ గట్టు మీది జాగా ఎంత చవకైనా సరే, గట్టు నీటి సంస్థది, కట్టినవన్నీ కూలగొడతారు.

తర్వాత జోనింగ్. కరవాంగ్ వరికి పేరున్న జిల్లా కాబట్టి, పొలాల్లో చాలా భాగం ‘రక్షిత వరిభూమి’ జాబితాలో ఉంది. అందులో పడితే ఇంటి అనుమతి రాదు. పటంలో పరిశ్రమల మండలంగా గీసిన చోట కూడా నివాస గదులకు అనుమతి దొరకడం కష్టం. ‘అమాన్, అమాన్’ (ఏం భయం లేదు) అని గ్రామపెద్ద ఇచ్చే హామీకి చట్టంలో విలువ లేదు. జిల్లా కార్యాలయం నుంచి భూవినియోగ ధ్రువీకరణ రాతపూర్వకంగా తీసుకోండి.

చికరాంగ్‌లో ఫ్లాటు కొనుక్కుంటే ఈ బాధ ఉండదు కదా అనేవాళ్లుంటారు. బాధ ఉండదు, నికర ఆదాయమూ పెద్దగా ఉండదు. నిర్వహణ రుసుము నెలనెలా పోతుంటే, అద్దెకొచ్చే ఇంజినీరు ప్రాజెక్టు ముగియగానే వెళ్లిపోతాడు. ‘కావ్లింగ్’ ప్లాట్లు ఇంకా దారుణం. ఒకే సర్టిఫికెట్‌ను ముప్పై ముక్కలు చేసి, విభజన కాకుండానే రసీదుల మీద అమ్ముతారు. ఆరు గదుల వరసకి ఇవేవీ సాటిరావు.

ఖర్చుల్లో కొనేవాడి పన్ను 5 శాతం, మినహాయింపు పోగా. అమ్మేవాడి పన్ను 2.5 శాతం, పీపీఏటీ ఫీజు 1 శాతం లోపు. అమ్మేవాడు తన పన్ను కట్టిన చలానా చూపకుండా సంతకం పెట్టవద్దు.

లీజు అయితే నోటరీ దస్తావేజు తప్పనిసరి. 20 ఏళ్లకు తక్కువైతే వద్దు. భూమి అమ్మినంత మాత్రాన లీజు తెగిపోదని సివిల్ కోడ్ 1576వ అధికరణ చెబుతోంది. అయినా దస్తావేజులో మళ్లీ రాయించండి. గడువు తీరాక భవనం ఎవరిదో కూడా రాయించండి. భూమి అప్పటికే తాకట్టులో ఉంటే లీజుకి బ్యాంకు సమ్మతి కావాలి.

కట్టడం

ఇది తేలిక. ఆరు గదులు, ఒక్కొక్కటి 3 × 7 మీటర్లు: ముందు గది, పడక, వెనక వంట, స్నానాలగది. ముందు మోటార్‌సైకిళ్లకు 3 మీటర్లు వదిలితే మొత్తం 180 చదరపు మీటర్లు, పక్క సందుతో కలిపి 14 తుంబాక్‌లు చాలు. బైకు పెట్టుకోడానికి చోటు లేని గదిలో కార్మికుడు నిలవడు. బోరు ఒక కొసన, సెప్టిక్ ట్యాంకు రెండో కొసన వేయండి, మధ్య 10 మీటర్లకు తగ్గకూడదు. నేలమట్టం రోడ్డుకి కనీసం అర మీటరు ఎత్తు. రోడ్డు మీద కాంక్రీటు వేసిన ప్రతిసారీ మీ గడప కిందికి పోతుంది. చితారుం, చిబేత్ నదులు కలిసే వైపు పల్లెలు ముంపుకి పేరు మోసినవి. అక్కడ అర మీటరూ సరిపోదు, అక్కడ కట్టవద్దు. కరెంటు గదికో టోకెన్ మీటరు, అంటే ముందే డబ్బు కట్టి వాడుకునేది. ఒకే మీటరు పెట్టి పంచుకోమంటే నెలాఖరున తగువే. కప్పుకి రేకు వేస్తే పగలు నిద్రపోయే రాత్రి షిఫ్టు మనిషి మూడో వారం ఖాళీ చేస్తాడు. పెంకులు వేయండి.

అద్దె, ఊరు

కరవాంగ్ కనీస వేతనం 2025లో నెలకు 55,99,593 రూపియా. అద్దె అందులో ఏడో వంతు దాటకూడదు, అంటే 8 లక్షల లోపు. దాటితే ఇద్దరు ఉండాల్సిన గదిలో నలుగురు దూరుతారు, బోరూ సెప్టిక్కూ తట్టుకోవు. అద్దె నెల మొదట్లోనే తీసుకోండి. లీజు పద్ధతిలో భూయజమానికి కట్టే డబ్బుపై 10 శాతం పన్ను ఉంటుంది, అది ముందే లెక్కేసుకోండి. ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు గదుల నిర్వహణలో స్వయంగా తిరగకండి, ఇమిగ్రేషన్‌తో చిక్కు. స్థానిక మనిషిని పెట్టుకోండి.

ఊళ్లో కాలు పెట్టిన 24 గంటల్లో వార్డు పెద్ద ‘పాక్ ఆర్‌టీ’ దగ్గరికి పాస్‌పోర్టుతో వెళ్లి చెప్పాలి. మీ గదుల్లోకి వచ్చే ప్రతి కిరాయిదారు పేరూ అలాగే. సందులో మనుషుల ముందు నుంచి పోయేటప్పుడు కాస్త వంగి ‘పున్తెన్’ అనండి, పెళ్లికి పిలిస్తే కవరుతో వెళ్లండి. చెత్త, కాపలా చందాలు నెలనెలా కట్టండి, బేరం ఆడకండి.

మరమ్మతులన్నీ లెబరాన్ (రంజాన్) పండక్కి కార్మికులు సొంతూళ్లకు వెళ్లిన వారంలోనే ముగించాలి. సున్నం, ట్యాంకు కడగడం, సెప్టిక్ తోడించడం అన్నీ అప్పుడే. తిరిగొచ్చేటప్పుడు తమ్ముణ్నో బావమరిదినో పని వెతకడానికి వెంటబెట్టుకొస్తారు, కొత్త గది అడిగేది ఆ వారమే.