హెచ్‌ఎస్‌ఏ నియమాలు, 3వ పాఠం: ఏడాదికి ఎంత వేసుకోవచ్చో లెక్కగట్టడం

హెచ్‌ఎస్‌ఏ అంటే అమెరికాలో వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా. ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు జవాబు. భర్తకు హై డిడక్టిబుల్ ప్లాన్ (బీమా కట్టడం మొదలుపెట్టేలోపు మనమే ఎక్కువ మొత్తం భరించాల్సిన ఆరోగ్య బీమా) ఉంది. భార్య వాళ్ల ఆఫీసులో ఆవిడకు మామూలు ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే ఆఫీసు ఖాతా) ఉంది. అప్పుడు భర్త హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయవచ్చా? వేయకూడదు. ఆ ఎఫ్‌ఎస్‌ఏ నుంచి భర్త డాక్టరు బిల్లు కూడా కట్టుకోవచ్చు కాబట్టి ఆయనకు ఇంకో కవరేజీ ఉన్నట్టే లెక్క. హెచ్‌ఎస్‌ఏలో వేయాలంటే అలా ఇంకో కవరేజీ ఉండకూడదు. బిల్లు నిజంగా కట్టారా లేదా అన్నది ఎవరూ అడగరు. పళ్లకు, కళ్లకు మాత్రమే పనికొచ్చే పరిమిత ఎఫ్‌ఎస్‌ఏ అయితే ఇబ్బంది లేదు.

ఇక ఈ పాఠం. 2026లో సింగిల్ కవరేజీకి పరిమితి 4,400 డాలర్లు, ఫ్యామిలీ కవరేజీకి 8,750. ఏడాది ముగిసేలోపు 55 నిండినవాళ్లు ఇంకో 1,000 వేసుకోవచ్చు. కంపెనీ వేసే డబ్బు కూడా ఈ పరిమితిలోకే వస్తుంది. కంపెనీ 1,000 ఇస్తే ఫ్యామిలీ కవరేజీలో మీ వంతు 7,750.

ఇంతవరకు అందరికీ తెలుసు. తప్పులన్నీ ఏడాది మధ్యలో ఏదైనా మారినప్పుడే జరుగుతాయి.

పరిమితిని నెలలవారీగా లెక్కేస్తారు. ఏ నెలకైనా 1వ తారీఖున మీకు ఏ కవరేజీ ఉందన్నదే ప్రశ్న. ఒకాయన జనవరి నుంచి సింగిల్ కవరేజీలో ఉన్నాడనుకోండి. భార్య హైదరాబాదు నుంచి వచ్చాక జూన్ 20న ఆమెను ప్లాన్‌లో చేర్చాడు. జూన్ 1న ఇంకా సింగిలే, కాబట్టి జూన్ సింగిల్ నెలే. ఫ్యామిలీ నెలలు జూలై నుంచి మొదలవుతాయి.

సింగిల్ 6 నెలలు: 4,400 × 6 ÷ 12 = 2,200
ఫ్యామిలీ 6 నెలలు: 8,750 × 6 ÷ 12 = 4,375
మొత్తం: 6,575

ఇక్కడే ఒక వెసులుబాటు ఉంది, దాన్ని చివరి నెల నియమం అంటారు. డిసెంబరు 1న అర్హత ఉంటే ఏడాది పొడుగునా అదే కవరేజీ ఉన్నట్టు భావించి పూర్తి 8,750 వేసుకోవచ్చు. అయితే దీనికో మెలిక ఉంది: 2027 డిసెంబరు 31 దాకా అర్హత నిలబెట్టుకోవాలి. మధ్యలో పీపీఓకు (ఇక్కడ హై డిడక్టిబుల్ కాని మామూలు బీమా ప్లాన్ అని అర్థం) మారితే అదనంగా వేసిన 2,175 (8,750లోంచి 6,575 తీసేస్తే వచ్చేది) ఆదాయంలో కలుస్తుంది, పైగా 10 శాతం, అంటే 217.50 డాలర్ల అదనపు పన్ను పడుతుంది. ఫ్యామిలీ నుంచి సింగిల్‌కు దిగినా ప్లాన్ హై డిడక్టిబులే అయితే నియమం తప్పినట్టు కాదు. వచ్చే ఏడాది ఉద్యోగం మారే ఆలోచన ఉన్నవాళ్లు ఈ వెసులుబాటు జోలికి పోకపోవడమే మంచిదని మా అభిప్రాయం. కొత్త కంపెనీలో ఏ ప్లాన్లు ఉంటాయో చేరేదాకా తెలియదు కదా.

ఉద్యోగం మారినప్పుడు ఇంకో చిక్కు. పాత కంపెనీ పేరోల్‌లో ఆగస్టు దాకా 5,000 కోశారు. కొత్త కంపెనీ పోర్టల్ మాత్రం “మీ పరిమితి 8,750” అనే చూపిస్తుంది. పాత 5,000 సంగతి దానికి తెలియదు. భార్యాభర్తల విషయంలోనూ ఇంతే: ఇద్దరికీ రెండు ఖాతాలుంటాయి (హెచ్‌ఎస్‌ఏలో జాయింట్ ఖాతా లేదు), రెండు కంపెనీల హెచ్‌ఆర్ పోర్టళ్లూ చెరో 8,750కి ఒప్పుకుంటాయి. చట్టం ప్రకారం ఇద్దరికీ కలిపి 8,750 మాత్రమే. ఎలా పంచుకుంటారన్నది వాళ్ల ఇష్టం. 55 దాటినవాళ్ల 1,000 మాత్రం ఎవరిది వారి ఖాతాలోనే పడాలి.

పన్ను దాఖలు చేసేటప్పుడు డబ్ల్యూ-2లో (జీతం, పన్నుల వివరాలతో కంపెనీ ఇచ్చే పత్రం) 12వ బాక్సు చూడండి. అక్కడ డబ్ల్యూ కోడ్ పక్కనున్న అంకెలో కంపెనీ ఇచ్చిందీ ఉంటుంది, మీ పేచెక్‌లో కోసిందీ ఉంటుంది. అది రిటర్నులో హెచ్‌ఎస్‌ఏ లెక్క చూపే ఫారం 8889లో 9వ లైనుకు వెళ్తుంది. పేచెక్‌లో కోసినది “నా డబ్బే కదా” అని చాలామంది 2వ లైనులో మళ్లీ రాస్తారు. ఒకే డబ్బు రెండుసార్లు లెక్కకెక్కి, లేని అధిక జమ కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎర్రగా హెచ్చరిస్తే కంగారు పడకుండా ముందు ఇదే చూసుకోండి. 2వ లైను మీరు బ్యాంకు నుంచి నేరుగా వేసినదానికి మాత్రమే. అలా నేరుగా 2026కు గాను 2027 ఏప్రిల్ 15 దాకా వేయవచ్చు. వేసేటప్పుడు ఏ ఏడాదికో ఖాతా సంస్థకు చెప్పాలి. ఒక నష్టం ఉంది: పేరోల్ ద్వారా వేస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పోయే 7.65 శాతం మిగిలేది, ఇలా వేస్తే మిగలదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వాళ్లకు రాష్ట్ర పన్నులో ఎలా వేసినా మినహాయింపు లేదు.

నిజంగానే ఎక్కువ పడితే? మామూలుగా విత్‌డ్రా చేయకండి. అది వైద్యానికి కాని ఖర్చుగా నమోదై, 65 లోపువాళ్లకు పన్నుతోపాటు 20 శాతం జరిమానా పడుతుంది. ఖాతా సంస్థ దగ్గర అధిక జమ వెనక్కి తీసుకునే ఫారం వేరే ఉంటుంది, అదే నింపాలి. అసలుతోపాటు దాని మీద వచ్చిన లాభమూ వెనక్కి వస్తుంది. ఆ తర్వాత వచ్చే 1099-ఎస్‌ఏలో (ఖాతాలోంచి తీసిన డబ్బుకు సంస్థ పంపే పత్రం) అధిక జమను సూచించే కోడ్ 2 ఉందో లేదో చూసుకోండి. 1 ఉంటే సరిచేయమని అడగండి. ఎక్కువ పడినది పేరోల్ డబ్బయితే, ఇంతకుముందు పన్ను పడలేదు కాబట్టి ఇతర ఆదాయంగా చూపాలి. రిటర్ను గడువులోపు, అంటే పొడిగింపు తీసుకుంటే అక్టోబరు 15లోపు, ఇది పూర్తి చేయాలి. వదిలేస్తే ఫారం 5329 కింద 6 శాతం అదనపు పన్ను పడుతుంది. ఒక్కసారితో పోదు, ఆ డబ్బు అక్కడున్నన్నాళ్లూ ఏటా పడుతుంది. గడువు దాటిపోతే మరుసటి ఏడాది ఆ మేరకు తక్కువ వేసి సర్దుకోవచ్చు, కానీ మొదటి ఏడాది 6 శాతం కట్టక తప్పదు.

అభ్యాసం: ఒకామె 2026 మే 12న ఉద్యోగంలో చేరింది. అదే రోజు హై డిడక్టిబుల్ సింగిల్ కవరేజీ మొదలైంది. నవంబరు 1 నుంచి భర్త పీపీఓలోకి మారింది. పేరోల్ ద్వారా మొత్తం 2,000 డాలర్లు పడ్డాయి. ఎంత వెనక్కి తీయాలి? మే నెల లెక్కలోకి వస్తుందా రాదా అని ముందు తేల్చుకోండి. జవాబు 4వ పాఠంలో. సెలవులకు వచ్చినప్పుడు విజయవాడలో చేయించుకున్న రూట్ కెనాల్‌కూ, అమ్మగారి బీపీ మందులకూ ఈ ఖాతా డబ్బు వాడొచ్చా అన్నది కూడా అందులోనే చూద్దాం.