గాయపడ్డ అడవి పిల్లిని పట్టే ముందు

గండిపేట, శామీర్‌పేట వైపు పొదల్లో పొడవాటి కాళ్లు, నల్ల పట్టీలున్న పొట్టి తోక కనిపిస్తే అది ఊరపిల్లి కాకపోవచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెంచడం నేరం. ముందు అటవీ శాఖకు ఫోన్ చేయండి.

వాళ్లు పట్టమంటేనే ముట్టుకోండి. మందపాటి తోలు గ్లవ్స్ తప్పనిసరి. పెద్ద టవల్ కప్పి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలోకి చేర్చండి. చీకట్లో దాని టెన్షన్ తగ్గుతుంది. పాలు, పారాసిటమాల్ వద్దు, రెండోది పిల్లులకు విషం. సెల్ఫీలా? అస్సలొద్దు.

కరిచినా, రక్కినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే రేబిస్ టీకాకు వెళ్లండి.

పిల్లకూనలు మాత్రమే ఉంటే దూరం నుంచి గమనించండి. తల్లి వేటకెళ్లి ఉంటుంది.

చిరుతైతే దగ్గరికే పోవద్దు.