ఒప్పందాల రికార్డు చదవడం, 4వ పాఠం: నమోదు తేదీ దగ్గర ఆగిపోవద్దు

సింధు జలాల ఒప్పందం ఎప్పుడు అమల్లోకి వచ్చిందో రాసి పంపమంటే, ఎక్కువమంది 1962 జనవరి 16 అని పంపారు. అందుకే డిపాజిటరీ (ఒప్పందం అసలు ప్రతిని, దేశాలు పంపే పత్రాలను భద్రపరిచేవారు) పాఠాన్ని వచ్చేసారికి జరిపాను. ఈ ముడి విప్పకుండా ముందుకెళ్తే ప్రతి ఒప్పందం దగ్గరా ఇదే తప్పు చేస్తారు.

ఆ రోజు భారత్ దాన్ని ఐక్యరాజ్యసమితి సచివాలయంలో నమోదు చేయించింది, అంతే. నంబరు 6032, ఒప్పందాల సంకలనం 419వ సంపుటి. కరాచీలో సంతకాలైంది 1960 సెప్టెంబరు 19న. ధ్రువీకరణ పత్రాలు, అంటే ఒప్పందానికి కట్టుబడతామని ప్రభుత్వాలు తెలిపే పత్రాలు, ఢిల్లీలో ఇచ్చిపుచ్చుకున్నది 1961 జనవరి 12న. ఒప్పందం అమల్లోకి వచ్చింది ఆ రోజే. కానీ వర్తింపు మాత్రం వెనక్కి, 1960 ఏప్రిల్ 1 నుంచి. ఈ సంగతి 12వ అధికరణంలోనే ఉంది.

రిజిస్ట్రేషన్ అనగానే మనకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గుర్తొస్తుంది. పొలం అమ్మకం దస్తావేజు రిజిస్టరు కాకపోతే హక్కు రాదు. ఆ లెక్క ఇక్కడికి తేవద్దు. ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి రోజుల్లో, దాని నిబంధనావళిలోని 18వ అధికరణం నిజంగానే అలా అంది: నమోదయ్యేదాకా ఒప్పందం కట్టుబాటు కాదని. రహస్య ఒప్పందాల మీద భయంతో పెట్టిన షరతు అది. ఐరాస చార్టర్ 102వ అధికరణం దాన్ని సడలించింది. నమోదు చేయని ఒప్పందాన్ని ఐరాస అంగాల ముందు చూపించి వాదించలేరు. ఒప్పందం మాత్రం చెల్లుతుంది.

ఖతార్, బహ్రెయిన్ 1990 డిసెంబరులో ఒక సమావేశపు మినిట్స్ మీద సంతకాలు చేశాయి. ఖతార్ వాటిని ఆరు నెలల తర్వాత నమోదు చేయించింది. ఇంత ఆలస్యంగా చేయించారంటే అది ఒప్పందమే కాదనుకున్నట్టేగా అని బహ్రెయిన్ వాదించింది. 1994లో అంతర్జాతీయ న్యాయస్థానం ఒప్పుకోలేదు: నమోదు ఆలస్యమైనా, అసలు కాకపోయినా చెల్లుబాటుకు ఢోకా లేదంది.

నేనైతే ముందు సంకలనంలో ఆ ఒప్పందం తొలి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే నోటు చూస్తాను. అమలు తేదీ, దానికి ఆధారమైన అధికరణం పాత సంపుటాల్లో అక్కడే దొరుకుతాయి. తర్వాత చివరి అధికరణాలు. మధ్యభాగం ఆఖరున.

అభ్యాసం: పారిస్ వాతావరణ ఒప్పందానికి భారత్ ధ్రువీకరణ పత్రం 2016 అక్టోబరు 2న చేరింది. ఒప్పందం నవంబరు 4న అమల్లోకి వచ్చింది. 21వ అధికరణం చదివి, షరతు ఏ రోజు తీరిందో, ఆ రోజు ఏయే దేశాల పత్రాలు చేరాయో రాసి పంపండి.